కొలెస్ట్రాల్‌కు తెల్లగడ్డా, మెంతులా, గుగ్గులా, మాత్రా? ఎవరికి ఏది సరిపోతుంది

నెల్లూరు పొగతోటలో మెడికల్ షాపు నడిపే నన్ను జనం ఎక్కువగా అడిగేది కొలెస్ట్రాల్ గురించే. లిపిడ్ ప్రొఫైల్ రిపోర్టు, డాక్టర్ రాసిన చీటీ రెండూ కౌంటర్ మీద పెట్టి, "ఈ మాత్ర మొదలుపెడితే జీవితాంతం మింగాల్నంట కదన్నా, మూలికల్లో ఏదన్నా ఉంటే చెప్పు" అంటారు. అడగడంలో తప్పేమీ లేదు. "మూలికలన్నీ ఉత్తివే" అని కసురుకునేవాళ్లూ, "మాత్రలన్నీ విషమే" అని భయపెట్టేవాళ్లూ ఆ మనిషికి ఒకేలా అన్యాయం చేస్తున్నారు. కొన్ని మూలికలు చెడ్డ కొలెస్ట్రాల్ అని చెప్పుకునే ఎల్‌డీఎల్‌ను నిజంగానే తగ్గిస్తాయి, కొన్ని తగ్గించవు. ఎంత తగ్గిస్తాయో కొలిచినవాళ్లు ఉన్నారు. ఆ కొలతలను పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి ఏది సరిపోతుందో చాలావరకు తేలిపోతుంది.

ముందు మీకు ఎంత తగ్గాలో తేల్చుకోండి

టోటల్ కొలెస్ట్రాల్ పక్కన స్టార్ గుర్తు చూసి కంగారుపడకండి. చూడాల్సింది ఎల్‌డీఎల్. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 జులైలో మన దేశం కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ముప్పు తక్కువ ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి. షుగరో బీపీయో ఉండి ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు 70 లోపు. ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు 55 లోపు.

ఇప్పుడు ముగ్గురిని ఊహించుకోండి. కావలిలో ముప్పై అయిదేళ్ల టీచరుకు ఎల్‌డీఎల్ 118. షుగర్ లేదు, బీపీ లేదు, సిగరెట్ లేదు. వందకు దిగాలంటే 15 శాతం తగ్గాలి. ఒంగోలులో షుగర్ ఉన్న యాభై ఏళ్ల వ్యాపారికి 130. డెబ్బైకి దిగాలంటే 46 శాతం తగ్గాలి. స్టెంట్ వేయించుకున్న అరవై ఏళ్ల రైతుకు 160. 55 కు రావాలంటే 65 శాతం పైనే తగ్గాలి. ముగ్గురి చేతిలోనూ ఉన్నది కొలెస్ట్రాల్ రిపోర్టే, కానీ వాళ్లు వెళ్లాల్సిన దూరాలు వేరు. మూలికల్లో బాగా రుజువైనవి కూడా 5 నుంచి 10 శాతం దగ్గరే ఆగిపోతాయి. టీచరమ్మ తిండి మార్చుకుని, నడక మొదలుపెట్టి, దానికి ఇంకొకటి కలుపుకుంటే గమ్యం చేరగలదు. రైతు ఎన్ని కషాయాలు తాగినా చేరలేడు.

మూలికకైనా మాత్రకైనా ముందు ఇంకో రెండు చూసుకోవాలి. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయించండి. థైరాయిడ్ సరిచేస్తేనే కొందరికి అంకె దిగివస్తుంది. రెండోది ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు. అవి 400 దాటితే చాలా ల్యాబుల్లో లెక్కగట్టి ఇచ్చే ఎల్‌డీఎల్‌ను నమ్మకూడదు, నేరుగా కొలిచే పరీక్ష అడగాలి. మూడు పూటలా అన్నం, సాయంత్రం మలై కాజానో మైసూర్‌పాకో, వారానికి రెండుసార్లు మందు పార్టీ ఉన్న మనిషికి పెరిగేది ముందుగా ట్రైగ్లిజరైడ్సే. అవి తగ్గించుకోవడానికి మూలిక కన్నా కంచంలో మార్పే పెద్ద మందు.

"మా బావకు తగ్గింది" అన్నప్పుడు

ఎవరో ఒకరు నెల రోజులు ఏదో తాగారు, ఎల్‌డీఎల్ 152 నుంచి 141 కి వచ్చింది. ఇది అబద్ధం కాదు. కానీ ఆ తగ్గుదల ఎవరి పుణ్యం? ఏ మందూ వాడకపోయినా ఒకే మనిషి ఎల్‌డీఎల్ ఇవాళ ఒకలా, పది రోజుల తర్వాత ఇంకోలా, ఎనిమిది తొమ్మిది శాతం తేడాతో రావడం మామూలే. పైగా రిపోర్టు చూసి భయపడ్డ మనిషి కషాయం ఒక్కటే మొదలుపెట్టడు. నెయ్యి కారం దోసె మానేస్తాడు, పొద్దున్నే గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు వేస్తాడు. ఇన్ని చేస్తే వచ్చిన ఫలితం అంతా సీసాలో ఉన్నదాని ఖాతాలో పడుతుంది.

అందుకే పరిశోధకులు మనుషుల్ని గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు అసలు మందు, ఇంకో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. రెండు గుంపుల మధ్య తేడానే మందు చేసిన పని. ఇలాంటి పరీక్షనే ట్రయల్ అంటారు.

అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 2022లో ప్రకటించిన ట్రయల్ మన ప్రశ్నకు చాలా దగ్గరది. గుండె జబ్బు లేని 190 మందిని ఎనిమిది గుంపులు చేశారు. ఒక గుంపుకు రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు, అంటే చిన్న డోసే. డాక్టర్లు కొలెస్ట్రాల్‌కు మామూలుగా రాసే స్టాటిన్ జాతి మాత్రల్లో ఇదొకటి. ఒక గుంపుకు ఉత్తుత్తి మాత్ర. మిగతా వాళ్లకు చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, మొక్కల స్టెరాల్స్, ఎర్ర ఈస్టు బియ్యం (ఒక రకం బూజుతో పులియబెట్టిన బియ్యం) సప్లిమెంట్లు, ఒక్కో గుంపుకు ఒక్కోటి. 28 రోజుల తర్వాత స్టాటిన్ గుంపులో ఎల్‌డీఎల్ సగటున దాదాపు 38 శాతం తగ్గింది. సప్లిమెంట్లలో ఒక్కటి కూడా ఉత్తుత్తి మాత్ర కన్నా ఎల్‌డీఎల్‌ను చెప్పుకోదగ్గంత తగ్గించలేదు. వెల్లుల్లి గుంపులోనైతే ఉత్తుత్తి మాత్ర వాళ్లతో పోలిస్తే ఎల్‌డీఎల్ దాదాపు 8 శాతం ఎక్కువే ఉంది. దీనికి రెండు పరిమితులున్నాయి, అవీ చెప్పాలి: నెల రోజులంటే తక్కువ సమయం, ఖర్చు పెట్టుకున్నది రోసువాస్టాటిన్‌ను మార్కెట్లోకి తెచ్చిన ఆస్ట్రాజెనెకా. అయినా 38 శాతానికీ సున్నాకీ మధ్య ఉన్న దూరం ఈ రెండింటితో పూడేది కాదు.

నా వరసలో మొదటిది ఇసబ్‌గోల్

మలబద్ధకానికి తెచ్చుకునే ఆ పొట్టే. గుజరాత్‌లో పండుతుంది, ప్రతి మెడికల్ షాపులో దొరుకుతుంది, దాని మీద ఉన్నన్ని పరిశోధనలు మన పెరటి మందుల్లో చాలావాటికి లేవు. రోజుకు 10 గ్రాముల దాకా తీసుకున్నవాళ్లలో ఉత్తుత్తి పొడి తీసుకున్నవాళ్ల కన్నా ఎల్‌డీఎల్ సుమారు 7 శాతం తగ్గింది. అమెరికాలో మందులనూ ఆహారాన్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 1998లోనే దీని ప్యాకెట్ మీద గుండె జబ్బు ముప్పు గురించి రాసుకోవడానికి ఒప్పుకుంది. పనిచేసే తీరు కూడా స్పష్టంగా తెలుసు. నీళ్లలో జిగురుగా మారి పేగుల్లోని పైత్య రసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. కొత్త పైత్య రసం తయారు చేసుకోవడానికి లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది.

వాడే పద్ధతి తెలియక చాలామంది వారంలోనే వదిలేస్తారు. మొదటి వారం రోజుకు ఒక టీస్పూనుతో మొదలుపెట్టండి, లేకపోతే కడుపుబ్బరం, గ్యాస్ వస్తాయి. మెల్లగా రెండు పూటలా ఒక్కో టేబుల్ స్పూను దాకా పెంచండి. ఒక టేబుల్ స్పూను పొట్టు దాదాపు 5 గ్రాములు తూగుతుంది. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే, గట్టిపడకముందే తాగేయాలి. ఆ మీదట ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. పొడిగా నోట్లో వేసుకుని నీళ్లు తాగే అలవాటు ప్రమాదం, గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. మింగడం కష్టమైన పెద్దవాళ్లకు ఇవ్వొద్దు, పేగులో అడ్డంకి ఉన్నవాళ్లు తీసుకోవద్దు. మిగతా మాత్రలకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం, థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు ఉంచండి. నారింజ రుచి ప్యాకెట్లలో కొన్నింట్లో చక్కెర కలుపుతారు. షుగర్ ఉన్నవాళ్లు సాదాది అడిగి తీసుకోండి.

ఓట్స్, బార్లీ కూడా ఇలాగే పనిచేస్తాయి. వాటిలో బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ 5 శాతం అటూ ఇటూగా తగ్గుతుంది. అందుకు రోజూ 75 గ్రాముల ఓట్స్ తినాలి. రెండు చెంచాలు పాలలో వేసుకుంటే రాదు. సజ్జలు, కొర్రలు, ఆరికెలు ప్రకాశం మెట్ట పొలాలకు కొత్తేం కాదు. హైదరాబాద్ దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2021లో చిన్న చిన్న పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు, చిరుధాన్యాలు తిన్నవాళ్లలో టోటల్ కొలెస్ట్రాల్ 8 శాతం తగ్గినట్టు కనిపించింది. అన్నం బదులు తింటేనే లాభం. అన్నం తిన్నాక పైన కొర్ర పాయసం తాగితే కాదు.

మెంతులు: చెంచా లెక్క, వంద గ్రాముల లెక్క

మెంతుల మీద మన హైదరాబాద్‌లోనే, జాతీయ పోషకాహార సంస్థలో మంచి పరిశోధనలు జరిగాయి. 1990లో అచ్చయినదాంట్లో టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లకు నూనె తీసిన మెంతిపొడి మధ్యాహ్నం, రాత్రి భోజనంలో కలిపి పెట్టారు. షుగరూ తగ్గింది, ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్సూ తగ్గాయి. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. వాళ్లు పెట్టిన పొడి రోజుకు 100 గ్రాములు. మనం రాత్రి నానబెట్టి పొద్దున నమిలే చెంచాడు మెంతులు తూచితే నాలుగైదు గ్రాములు. ఇరవై రెట్ల తేడా. అంత చేదు రోజూ తినగలిగేవాళ్లు ఎందరు? తక్కువ మోతాదులతో తర్వాత జరిగిన ట్రయల్స్‌లో ఫలితాలు ఒకేలా రాలేదు. తగ్గినచోట కూడా కొద్దిగానే తగ్గింది.

చెంచాడు మెంతులు మానేయమని నేను అనను. పీచుంది, హాని లేదు. కానీ దాన్ని నమ్ముకుని మాత్ర మానేయడం మాత్రం వద్దు. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర, ఇన్సులిన్ వాడేవాళ్లు మెంతిపొడి మోతాదు ఒక్కసారిగా పెంచితే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే ముందు చక్కెర నోట్లో వేసుకోవాలి, తర్వాత డాక్టర్‌తో మోతాదు మాట్లాడుకోవాలి.

తెల్లగడ్డ మీద ఇంత నమ్మకం ఎందుకు

ఎందుకంటే పాత ట్రయల్స్ కొన్ని దానికి అనుకూలంగా వచ్చాయి. వాటన్నిటినీ కలిపి 2013లో చేసిన ఒక లెక్కలో, రెండు నెలలకు పైగా వాడినవాళ్లలో ఎల్‌డీఎల్ 9 పాయింట్ల వరకు తగ్గింది. అయితే అంతకుముందే, 2007లో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు ఎల్‌డీఎల్ 130 నుంచి 190 మధ్య ఉన్న 192 మందిని తీసుకుని, కొందరికి పచ్చి వెల్లుల్లి, కొందరికి రెండు రకాల వెల్లుల్లి మాత్రలు, కొందరికి ఉత్తుత్తివి ఇచ్చి, వారానికి ఆరు రోజుల చొప్పున ఆరు నెలలు చూశారు. పచ్చిది రోజుకు ఒక రెబ్బ, సుమారు 4 గ్రాములు. ఏ గుంపులోనూ ఎల్‌డీఎల్ కదల్లేదు. రెండు వైపుల సాక్ష్యాన్నీ తూచితే వెల్లుల్లి వల్ల లాభం ఉన్నా చాలా చిన్నది, ఉండకపోవడానికీ అవకాశం ఉంది. పప్పులో పోపు వేసుకోండి, పచ్చడిలో నూరుకోండి. క్యాప్సూళ్లకు డబ్బు పెట్టక్కర్లేదు. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, వార్ఫరిన్ వాడుతున్నవాళ్లు వెల్లుల్లి క్యాప్సూళ్లు వేసుకుంటే రక్తం మరింత పలచబడుతుంది. ఆపరేషన్ ముందు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

నిమ్మరసం, అల్లం రసం, వెల్లుల్లి రసం, యాపిల్ సైడర్ వెనిగర్ కలిపి మరిగించి, చల్లారాక తేనె పోసుకుని పరగడుపున తాగితే హార్ట్ బ్లాకులు కరిగిపోతాయని ఫోన్లలో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. యాంజియోగ్రామ్‌లో కనిపించిన బ్లాకును ఈ పానకం తెరిచిందని చూపిన ట్రయల్ ఏదీ లేదు. రక్తనాళం గోడలో ఏళ్లపాటు పేరుకున్న కొవ్వు, సున్నం గట్టిపడిన పొరను కడుపులోకి వెళ్లిన పులుపు కరిగించలేదు. సీసాకు సగం పోసే తేనె మాత్రం ట్రైగ్లిజరైడ్స్ పెంచుతుంది. బైపాస్ చేయించుకోమన్న మనిషి దీన్ని నమ్మి నెలలు వాయిదా వేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. దయచేసి ఆ మెసేజ్‌ను ముందుకు పంపొద్దు.

గుగ్గులు: మన దేశం గట్టిగా నమ్మిన మందు

మూలికల్లో ఎక్కువ చరిత్ర ఉన్నది దీనికే. ప్రాచీన వైద్య గ్రంథాల్లో మేదోరోగానికి, అంటే ఒంట్లో కొవ్వు పెరిగే జబ్బుకు చెప్పిన గుగ్గులు అనే చెట్టు బంక మీద 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి పరిశోధన చేశారు. ఆ దారిలోనే లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ గుగ్గులు సారంతో గుగ్గులిపిడ్ అనే మందు తయారుచేసింది, 1980ల్లో అది మార్కెట్‌లోకి వచ్చింది. 1994లో మన దేశంలోనే చేసిన ఒక చిన్న ట్రయల్‌లో ఎల్‌డీఎల్ 12 శాతం దాకా తగ్గింది. ఆశ పుట్టడం సహజమే. కానీ 2003లో అమెరికాలో 103 మంది మీద, ఉత్తుత్తి మాత్రతో పోల్చి, ఎనిమిది వారాలు చూసినప్పుడు గుగ్గులిపిడ్ తీసుకున్నవాళ్లలో ఎల్‌డీఎల్ నాలుగైదు శాతం పెరిగింది, ఉత్తుత్తివి తీసుకున్నవాళ్లలో 5 శాతం తగ్గింది. కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా వచ్చాయి.

ఎవరి తిండి వేరు, ఎవరి శరీరం వేరు అని వాదించవచ్చు, ఆ వాదనలో కొంత నిజం ఉండొచ్చు కూడా. కానీ పెంచుతుందో తగ్గిస్తుందో తేలని మందును డబ్బు పెట్టి కొనమని నేను ఎవరికీ చెప్పను. థైరాయిడ్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు వాడేవాళ్లకు దాంతో పొత్తు కుదరదు. గర్భిణులకు వద్దే వద్దు. ఆ చెట్టు కూడా విపరీతంగా కోతకు గురై, అంతరించిపోయే ముప్పు తీవ్రంగా ఉన్నవాటి జాబితాలో ఉంది.

తెల్లమద్ది బెరడు, ఉసిరి: రెండింటి మీదా మన దేశంలో చిన్న ట్రయల్స్ ఉన్నాయి, కొన్నింట్లో ఎల్‌డీఎల్ తగ్గింది. తెల్లమద్దిని చాలావరకు గుండె జబ్బుకు వాడే మందులతో పాటే ఇచ్చి చూశారు కాబట్టి దాని వాటా ఎంతో విడదీయడం కష్టం. ఉసిరికాయ తినండి, పచ్చడిలో ఉప్పూ నూనే తగ్గించుకుని. మునగాకు, కరివేపాకు కూరగా మంచివే. మందుగా చెప్పేంత సాక్ష్యం లేదు. అవిసె గింజలు పొడి కొట్టి రోజూ రెండు మూడు చెంచాలు తింటే కొద్దిపాటి లాభం ఉంది. పసుపు వంటలో ఎంతైనా వాడుకోండి, కానీ మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూళ్లతో లివర్ దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి.

నిజంగా పనిచేసేది, అందుకే ప్రమాదం కూడా

ఎర్ర ఈస్టు బియ్యం ఆన్‌లైన్‌లో "సహజ కొలెస్ట్రాల్ మందు" పేరుతో దొరుకుతుంది. ఇది నిజంగా తగ్గించగలదు, ఎందుకంటే ఇందులో ఉండే మొనాకొలిన్ కె, మెడికల్ షాపులో అమ్మే లోవాస్టాటిన్ రెండూ ఒకటే పదార్థం. చైనాలో గుండెపోటు వచ్చిన దాదాపు 5 వేల మంది మీద దీని సారంతో చేసిన ట్రయల్‌లో మళ్లీ గుండెపోటు రావడం తగ్గింది కూడా. అయితే అది లెక్కగా తయారుచేసిన మందు. ఆన్‌లైన్ సీసాల్లో ఒకదాంట్లో ఉన్నంత ఇంకోదాంట్లో ఉండదు. పైన చెప్పిన 2022 ట్రయల్‌లో వాడినది ఏమీ తగ్గించలేదు. కొన్నింట్లో కిడ్నీని దెబ్బతీసే సిట్రినిన్ అనే బూజు విషం ఉంటుంది. యూరప్‌లో 2022 నుంచి రోజు మోతాదులో మొనాకొలిన్ 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నిబంధన పెట్టారు. జపాన్‌లో 2024 మార్చిలో ఎర్ర ఈస్టుతో చేసిన కొలెస్ట్రాల్ సప్లిమెంటు వాడినవాళ్ల కిడ్నీలు దెబ్బతిని, మరణాలు కూడా సంభవించడంతో దాన్ని వెనక్కి తెప్పించారు. మాత్ర వద్దని దీన్ని కొనేవాళ్లు తెలియకుండా మాత్రనే మింగుతున్నారు, ఎంత మింగుతున్నారో కొలత లేకుండా. దీన్నీ స్టాటిన్ మాత్రనూ కలిపి వేసుకుంటే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

స్టాటిన్ పుట్టుక కూడా దీనికి దగ్గరిదే. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970ల్లో వేల రకాల బూజులను వెతికి మొదటి స్టాటిన్‌ను పట్టుకున్నారు. 1987లో మొదట అమ్మకానికి వచ్చిన లోవాస్టాటిన్ కూడా బూజు నుంచి తీసిందే. ప్రకృతిలోంచి వచ్చిందా లేదా అనే కొలబద్దతో చూస్తే రెండూ పాసవుతాయి.

మాత్ర మీద ఉన్న భయాలు

మధ్యరకం డోసు స్టాటిన్ ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం లోపు, పెద్ద డోసు 50 శాతం పైగా తగ్గిస్తుంది. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు అయిదో వంతు తగ్గుతాయని లక్షన్నరకు పైగా మనుషుల ట్రయల్స్ కలిపి తేల్చారు. అంకె తగ్గడం, ప్రాణం నిలవడం వేర్వేరు ప్రశ్నలు. రెండోదానికి ఇంత సాక్ష్యం ఉన్న మూలిక లేదు.

కండరాల నొప్పి భయం నిజమైనదే, కానీ అనుకున్నంత పెద్దది కాదు. లండన్‌లో 2020లో, నొప్పుల వల్ల స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ ఇవ్వకుండా చూశారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతో కూడా వచ్చాయి. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు. చాలాసార్లు దానికి కారణం ఆ మాత్ర కాదని. షుగర్ అంచున ఉన్నవాళ్లకు స్టాటిన్ వల్ల షుగర్ కొంచెం పెరిగే మాట కూడా నిజమే, డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకునే రాస్తారు.

"జీవితాంతం" అన్న మాటకు జడుస్తారు గానీ, ఇసబ్‌గోల్ అయినా అంతే. లివర్ రోజూ కొలెస్ట్రాల్ తయారు చేస్తూనే ఉంటుంది. ఏది ఆపినా కొన్ని వారాల్లో పాత అంకెకు వస్తుంది. ఖర్చు చూస్తే జన్ ఔషధి కేంద్రంలో అటోర్వాస్టాటిన్ 10 నెలకు వంద లోపే. మూలికల క్యాప్సూళ్ల సీసా కొన్ని వందలు.

హాని లేదంటే పనిచేస్తుందని కాదు

మన జిల్లాకు 2021 మే నెల బాగా గుర్తుంటుంది. కరోనాకని ఆనందయ్య పంచిన కృష్ణపట్నం మూలికల మందు కోసం వేల మంది బారులు తీరారు. ప్రభుత్వం ఆపి పరీక్షలు చేయించి, నెలాఖరున కంటి చుక్కలను పక్కన పెట్టి, మిగతావాటిలో కొన్నింటికి అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి హాని కనపడలేదన్న మాట మీద ఇచ్చింది, కరోనా తగ్గిస్తుందని రుజువైందని కాదు. కొలెస్ట్రాల్ మూలికలకూ ఈ రెండు ప్రశ్నలు వేరువేరుగా వేయాలి. పాత గ్రంథంలోని సూత్రం ప్రకారం చేసిన ఆయుర్వేద మందుకు లైసెన్స్ ఇచ్చేటప్పుడు ఆ గ్రంథమే ఆధారం. మనుషుల మీద కొత్తగా ట్రయల్ చూపించమని అడగరు. సీసా మీద లైసెన్స్ నంబరు ఉందంటే ఎల్‌డీఎల్ తగ్గుతుందని ఎవరో పరీక్షించారని అనుకోకండి.

హాని లేదన్నది కూడా అన్నిటికీ వర్తించదు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందుల్ని 2008లో అమెరికా పరిశోధకులు పరీక్షిస్తే, అయిదింట ఒకదాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లో ఏదో ఒకటి ఉంది. ఉదయగిరి కొండల నుంచి తెచ్చాం, నల్లమల నుంచి తెచ్చాం అంటూ పేరు లేని పొడి పొట్లాలు అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. ఆయుర్వేదం కావాలనుకుంటే బీఏఎంఎస్ చదివిన డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వాడుతున్న మాత్రల చీటీ కూడా తీసుకెళ్లండి.

ఎవరు దేన్ని ఎంచుకోవచ్చు

షుగర్, బీపీ, పొగ, గుండె జబ్బు ఏదీ లేక, ఎల్‌డీఎల్ 100 నుంచి 160 మధ్య ఉండి, తండ్రికో అన్నకో 55 ఏళ్ల లోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు రాకపోతే, డాక్టర్‌తో మాట్లాడి మూడు నెలలు గడువు పెట్టుకోండి. ఆ మూడు నెలలు పామాయిల్‌లో వేయించినవి, బేకరీ సరుకు, వనస్పతి మానేసి, అన్నం తగ్గించి, కూరగాయలు, పప్పు, చేపల పులుసు తినండి. పులుసులో చేప సమస్య కాదు, పైన తేలే నూనె సమస్య. రోజుకు అరగంట గట్టిగా నడవండి, ఇసబ్‌గోల్ వాడండి. అదే ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించండి. 15 శాతం తగ్గితే కొనసాగించండి. తగ్గకపోతే మాత్ర గురించి మళ్లీ మాట్లాడండి.

నలభై దాటి షుగర్ ఉన్నవాళ్లు, స్టెంటో బైపాసో అయినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లు ఆ మూడు నెలలు కూడా ఆగకూడదు. మాత్రే ముందు. 190 దాటిందంటే అది వంశపారంపర్యం కావచ్చు, పిల్లలకూ పరీక్ష చేయించండి. ఇసబ్‌గోల్, ఓట్స్ మాత్రతో పాటు వాడుకోవచ్చు, లాభమే. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉంది. దానికి డాక్టర్ దగ్గరికి వెంటనే వెళ్లాలి.

మాత్రో మూలికో ఏది వాడుతున్నా సరే, మూత్రం కాఫీ రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, రెండు తొడలూ భుజాలూ కారణం లేకుండా గట్టిగా నొప్పెట్టినా, అది ఆపేసి ఆ రోజే డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పులతో పాటు పొడి డబ్బా, కషాయం సీసా అన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. తిడతారని దాచిపెట్టిన సీసా వల్లే లివర్ పాడైనా, దాని సంగతి తెలియక డాక్టర్ తప్పు మాత్ర ఆపించే ప్రమాదం ఉంది.